రేవులో తరగతి ఎప్పుడు పెడతారు?

వేట నిషేధం ఉన్న 61 రోజులూ బోట్లు కట్టేసి ఉంటాయి. బోటు నడిపే సరంగు ఖాళీ, కళాసీ ఖాళీ, వల ఖాళీ. సముద్రం గురించి చదువుకున్నవాళ్లు సముద్రం మీద బతికేవాళ్లతో కూర్చోవడానికి ఇంతకన్నా మంచి కాలం ఉండదు. మన విశ్వవిద్యాలయాలకు మాత్రం అవి పరీక్షల రోజులు, ఆపైన వేసవి సెలవులు.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు ఎప్పుడైనా వెళ్తే, గట్టు మీద ఆరేసిన ట్రాలు వల కొసనుండే సంచిని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. వల కన్ను డైమండు ఆకారంలో ఉంటుంది. వదులుగా ఉన్నప్పుడు వేలు సులువుగా దూరుతుంది. రెండు కొసలూ పట్టుకుని గట్టిగా లాగితే కన్ను మూసుకుపోతుంది. బోటు గంటల తరబడి వలను అడుగున ఈడ్చుకుపోతున్నప్పుడు జరిగేదీ ఇదే. చేప నిండి బరువు పెరిగేకొద్దీ కన్నులన్నీ మూసుకుపోతాయి. బయటపడాల్సిన పిల్ల చేప పెద్దవాటి కింద నలిగి చస్తుంది. అదే సంచిని చదరపు కన్నుతో కుట్టించండి, ఎంత లాగినా తెరుచుకునే ఉంటుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, అందరూ సిఫ్ట్ అని పిలిచేది, ఈ సంగతిని ఎప్పుడో తేల్చింది. దాని కేంద్రం ఒకటి విశాఖలోనే ఉంది. అయినా హార్బర్‌లో ఎక్కువగా కనిపించేది డైమండు కన్నే.

తప్పు సరంగుది అనడం తేలిక. చదరపు కన్ను వేస్తే ఈ పూట చేతికొచ్చే సరుకు కొంత తగ్గుతుంది. పక్క బోటువాడు వేయనప్పుడు నేనెందుకు వేయాలన్నది అతని ప్రశ్న. డీజిలు, ఐసు, బత్తా లెక్కలు అతని నెత్తిన ఉన్నాయి. ఆ ప్రశ్నకు కరపత్రం జవాబు చెప్పలేదు. అతని వలతో, అతని బోటు మీద, పది సార్లు వల వేసి లాగి లెక్క చూపించగల మనిషి కావాలి. అలాంటి మనిషిని తయారుచేయడం విశ్వవిద్యాలయం పని.

పేరు లేని కుప్ప

తెల్లవారుజామున వేలం పాట మొదలయ్యేసరికి హార్బర్‌లో చేపలు జాతులవారీగా కుప్పలు పడి ఉంటాయి. కోనాలు, చందువలు, కానగర్తలు, నెత్తళ్లు, రొయ్యలు. కొనేవాళ్ల కళ్లన్నీ వాటి మీదే. ఒక పక్కన ఎవరూ పేరు పెట్టి పిలవని కుప్ప ఇంకొకటి ఉంటుంది. దగ్గరికెళ్లి కూర్చుని చూస్తే అందులో లేని జాతి ఉండదు. అన్నీ పిల్లలే. వేలెడంత చేప, కాయ కట్టని పీత, ఎదిగితే కిలో తూగాల్సిన గొరక పిల్ల. ఈ కుప్ప ఎండి, పొడై, కోళ్ల మేతలోకి, చేపల మేతలోకి పోతుంది.

ఆ మేత తినే వాటిలో మన గోదావరి, కృష్ణా, నెల్లూరు చెరువుల రొయ్య కూడా ఉంది. రొయ్య మేతలో చేపపొడి ముఖ్యమైన సరుకు. సముద్రాన్ని వదిలి చెరువుకు వెళ్తే సముద్రానికి ఊరట దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. చెరువు మేత కోసం మళ్లీ సముద్రం వైపే చూస్తుందని రేవులో ఆ కుప్ప పక్కన నిలబడితే అర్థమవుతుంది. మత్స్య విద్యలో ఈ రెండు సంగతులనూ కలిపి చెప్పే పాఠం ఒక్కటైనా రేవులోనే జరగాలి.

చేప వయసు తెలుసుకునే పాఠం కూడా అంతే. చేప తల కోస్తే లోపల చెవి రాయి ఉంటుంది, చెట్టు కాండంలో మాదిరి దానిలో వలయాలుంటాయి. ఆ వలయాలు లెక్కబెట్టి చేప ఎన్నేళ్లదో చెబుతారు. పొట్ట కోస్తే అది గుడ్డు కట్టిందో లేదో తెలుస్తుంది. ఒక జాతి ఎంత పొడవుకు వస్తే తొలిసారి గుడ్లు పెడుతుందో ఇలాగే తేలుస్తారు. అంతకన్నా చిన్నదాన్ని పట్టుకుంటే దాని సంతతిని కూడా పట్టుకున్నట్టే. ప్రయోగశాలలో విద్యార్థి నేర్చుకునే ఈ పనిని చేపలు కోసే ఆడవాళ్ల ముందు ఒక పీట మీద చేసి చూపిస్తే ఎంత ఆసక్తిగా చూస్తారో! ఎందుకంటే ఏ నెలలో ఏ చేపకు గుడ్డు ఉంటుందో వాళ్లకు ముందే తెలుసు. కత్తిపీట ముందు కూర్చుని ఏళ్ల తరబడి చేసిన పరిశీలన అది. అవగాహన సదస్సులకు పిలిచేది మాత్రం ఎక్కువగా మగవాళ్లనే.

చెరువు గట్టు దగ్గర ఆగిన చదువు

1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు అమెరికాలోని కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ దానికి చేయూతనిచ్చింది. బోధన, పరిశోధన, విస్తరణ ఒకే కప్పు కింద ఉండాలన్నది ఆ పద్ధతి. ప్రొఫెసరు పొలానికి వెళ్లాలి, రైతు ప్రశ్న ప్రయోగశాలకు రావాలి. వ్యవసాయ కళాశాలలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, చేలో ప్రదర్శన క్షేత్రాలు అన్నీ ఆ ఆలోచన పిల్లలే. ఎన్ని లోపాలున్నా మన రైతుకు ఫలానా విత్తనం గురించి ఎవరిని అడగాలో తెలుసు.

దాదాపు అదే సమయంలో అమెరికాలో ఇంకో ఆలోచన మొలిచింది. 1963లో అథెల్‌స్టన్ స్పిల్‌హాస్ అనే శాస్త్రవేత్త, భూమికి చేసిన మేలు సముద్రానికి ఎందుకు చేయకూడదని అడిగాడు. 1966లో సీ గ్రాంట్ చట్టం వచ్చింది. ఇప్పుడు అక్కడి తీర రాష్ట్రాల్లో, పెద్ద సరస్సుల ఒడ్డున 34 సీ గ్రాంట్ కార్యక్రమాలు విశ్వవిద్యాలయాల ఆధారంగా నడుస్తున్నాయి. వాటి విస్తరణ ఉద్యోగి కుర్చీ కాలేజీలో ఉన్నా కాళ్లు రేవులోనే ఉంటాయి. పొలం చదువును మనం తెచ్చుకున్నాం. రేవు చదువును తెచ్చుకోలేదు.

మత్స్య కళాశాల మాత్రం మనకు వచ్చింది. 1991లో నెల్లూరు జిల్లా ముత్తుకూరులో మొదలైంది. నాలుగేళ్ల బి.ఎఫ్.ఎస్‌సి. చదివి బయటికొచ్చిన పిల్లలు రొయ్య హేచరీల్లో, మేత కంపెనీల్లో, నీటి పరీక్షల ల్యాబుల్లో కుదురుకున్నారు. ఇందులో వాళ్లను అనాల్సింది ఏమీ లేదు, ఉద్యోగాలున్నది అక్కడే. 2009లో వనామీ రొయ్యకు దేశంలో అనుమతి వచ్చాక కోస్తా చెరువుల రూపే మారిపోయింది. రొయ్యకు తెల్లమచ్చ సోకిందంటే అర్ధరాత్రయినా ఫోనెత్తే సాంకేతిక నిపుణుడు దొరుకుతాడు. ఉండి ఊళ్లోని మత్స్య పరిశోధన కేంద్రం పేరు చెరువు రైతులందరికీ తెలుసు. అలా మత్స్య విజ్ఞానం చెరువు గట్టు దాకా బాగానే వచ్చింది. గట్టు దాటి ఇసుక మీదికి దిగలేదు.

ఆ ఇసుక మీద ఉన్నవాళ్లు తక్కువమందేమీ కాదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సి.ఎం.ఎఫ్.ఆర్.ఐ.) 2010 గణన ప్రకారం మన రాష్ట్ర తీరంలో 555 మత్స్యకార గ్రామాలు, సుమారు 6 లక్షల మత్స్యకార జనాభా. రాష్ట్రానికి ప్రత్యేకంగా మత్స్య విశ్వవిద్యాలయం ఉండాలని 2020లో చట్టం చేశారు. 2022 నవంబరు 21న, ప్రపంచ మత్స్య దినోత్సవం రోజున, నరసాపురంలో శంకుస్థాపన జరిగింది. తమిళనాడు, కేరళ మనకన్నా ముందే మత్స్య విశ్వవిద్యాలయాలు పెట్టుకున్నాయి. నరసాపురం అటు చెరువుకూ ఇటు సముద్రానికీ కూతవేటు దూరం. విశ్వవిద్యాలయం ఏ వైపు ముఖం పెట్టుకుని నిలబడుతుందన్నది తొలి పదేళ్లలో తేలిపోతుంది.

ఒక జాలరి జాలీ, ఒక దేశం నిషేధం

చదువు రేవుకు వచ్చిన చోట ఎలా ఉంటుందో, రాని చోట ఎలా ఉంటుందో చూపడానికి ఒకే వస్తువు చాలు. తాబేలు బయటపడే జాలీ. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో టెడ్ అంటారు.

అమెరికాలో జార్జియా రాష్ట్రం డారియన్ ఊళ్లో సింకీ బూన్ అనే రొయ్యల వేటగాడు ఉండేవాడు. వలలో రొయ్యల కన్నా జెల్లీ ఫిష్ ఎక్కువ పడి వల చిరిగిపోతోందని అతని బాధ. వల లోపల ఏటవాలుగా ఒక ఇనుప చట్రం బిగించి, దాని కొసన వలకు కంత పెట్టాడు. రొయ్యలు ఊచల సందుల్లోంచి వెనక సంచిలోకి పోతాయి, లావుపాటి జెల్లీ ఫిష్ చట్రానికి తగిలి కంతలోంచి బయటికి జారిపోతుంది. జారిపోయేవాటిలో తాబేళ్లు కూడా ఉన్నాయని తర్వాత తేలింది. తాబేలు ఊపిరి కోసం పైకి రావాల్సిన జీవి. గంటల తరబడి సాగే ట్రాలు వలలో చిక్కితే మునిగి చస్తుంది. జార్జియా విశ్వవిద్యాలయం సముద్ర విస్తరణ విభాగం వాళ్లు ఆ చట్రాన్ని బోట్ల మీద పెట్టి పరీక్షించి, మెరుగుపరిచి, మిగతా రేవులకు తీసుకెళ్లారు. ప్రభుత్వ ఇంజినీర్లు తయారుచేసిన బరువైన నమూనా కన్నా వేటగాళ్లు ఎక్కువగా ఒప్పుకున్నది ‘జార్జియా జంపర్’ అనే బూన్ చట్రాన్నే. అక్కడ కూడా అంతా సాఫీగా సాగలేదు. 1987లో నిబంధనలొచ్చాక రొయ్యల వేటగాళ్లు ఎదురుతిరిగారు, 1989లో టెక్సస్ రేవులకు బోట్లు అడ్డం పెట్టారు. కానీ తగాదా పడింది తమ రేవులో పుట్టిన వస్తువు గురించి.

మనకు అది వచ్చిన దారి వేరు. టెడ్ లేకుండా పట్టిన రొయ్యను కొనకూడదని అమెరికా 1989లో చట్టం చేసింది, 1996లో దాన్ని ప్రపంచమంతటికీ వర్తింపజేసింది. భారత్, మలేసియా, పాకిస్థాన్, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఎక్కాయి. ఆ చట్టాన్ని అమలుచేసిన తీరు వివక్షతో ఉందని 1998లో తీర్పు వచ్చింది. ఆ తర్వాత కూడా సమస్య తీరలేదు. 2019 నుంచి మన సముద్రపు రొయ్యకు అమెరికా తలుపు మూసుకుపోయింది. చెరువు రొయ్యకు ఆ బాధ లేదు. సిఫ్ట్ మన వలలకు సరిపోయే టెడ్‌ను తయారుచేసింది, కాకినాడ, విశాఖ బోట్లకు పెట్టించే ప్రయత్నాలూ సాగాయి. కానీ మన సరంగుకు టెడ్ పరిచయమైంది వాషింగ్టన్ వేసిన శిక్షగా. ఆ కంతలోంచి తాబేలుతో పాటు నా చేప కూడా పోతుందేమోనన్న అతని భయం పోగొట్టేంత ఓపికగా కూర్చున్నవాళ్లు తక్కువ.

ఏటా చలికాలం చివర, వేసవి మొదట్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కొక్కటి గుంట తవ్వి వంద దాకా గుడ్లు పెడుతుంది. అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు వాటిని ఏరి, కంచె కట్టిన ఇసుకలో పొదిగించి, ఒకటిన్నర రెండు నెలలకు పిల్లలను సముద్రంలోకి వదులుతాయి. విశాఖ ఆర్.కె. బీచ్‌లో ఆ దృశ్యం చూడటానికి బడిపిల్లలు వస్తారు, అతిథులు వస్తారు, ఫొటోలు పడతాయి. మంచిదే. అదే వారంలో తల్లి తాబేళ్ల కళేబరాలు ఒడ్డుకు కొట్టుకొస్తుంటాయి. ఫొటోకు వచ్చిన అతిథుల్లో సగంమంది హార్బర్‌కు వెళ్లి ఒక్క సరంగుతో మాట్లాడినా ఫలితం వేరుగా ఉండేది. పిల్లలను వదలడం చూడముచ్చటైన పని. వల మార్పించడం మురికి పని. మన తీర సంరక్షణ మొదటిదాని మీదే మోజు పడింది.

మూడు రకాల పటాలు

సముద్ర విద్యలో మనకు పెద్ద చరిత్రే ఉంది. 1952లో యూజీన్ లఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చాడు. ఇక్కడి ఆచార్యులను, విద్యార్థులను వెంటబెట్టుకుని నావికాదళ ఓడల మీద వాల్తేరు తీరాన్ని కొలిచాడు. వేసవి మొదట్లో తీరం వెంట వీచే గాలి పై నీటిని లోపలికి నెడితే, అడుగునున్న చల్లటి, పోషకాలున్న నీరు పైకి వస్తుందని ఆ బృందం గమనించింది. ఆ నీరు ఉన్నచోట పాచి పెరుగుతుంది, పాచి ఉన్నచోటికి చేప వస్తుంది. తర్వాత తూర్పు తీరం లోతుల్లో కనిపెట్టిన సముద్రగర్భ లోయలకు ఆయన ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టాడు. మహాదేవన్ అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర ఆచార్యుడు సి. మహాదేవన్.

అది ఒక పటం. రెండోది జాలరి తలలో ఉంటుంది. డాల్ఫిన్ నోస్ కొండనూ ఊరి వెనక ఇంకో కొండనూ ఒక వరసలోకి తెచ్చుకుని, అడ్డంగా మరో రెండు గుర్తులు చూసుకుని, రెండు గీతలు కలిసే చోట వల వేసేవాడు తాత. లోతును బారల్లో చెప్పేవాడు. మనవడి చేతిలో ఇప్పుడు జి.పి.ఎస్. ఉంది. తాత పటం ఆయనతోనే పోతోంది. ఒక ఎం.ఎస్‌సి. విద్యార్థి తన ప్రాజెక్టు కింద ఒక జాలరి పేట పెద్దల దగ్గర ఆ గుర్తులు రాసుకుని లఫాండ్ పటం పక్కన పెడితే, విశ్వవిద్యాలయమూ పేటా సమానంగా పాల్గొన్న పరిశోధన అవుతుంది. దానికి ప్రయోగశాల అక్కర్లేదు, సాయంత్రాలు చాలు.

మూడో పటం హైదరాబాదు నుంచి వస్తుంది. సముద్రం కనుచూపు మేరలో లేని ఊళ్లో, 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు చూసిన నీటి రంగూ వేడీ లెక్కగట్టి, చేప ఎక్కడ దొరకవచ్చో తెలుగుతో సహా తీర భాషల్లో చెబుతోంది. నిషేధ కాలంలో ఆ సూచనలు ఆపేస్తారు. నాకు ఇక్కడ ఒక సందేహం. చేప ఎక్కడుందో చెప్పే సేవ ఇంత చక్కగా రేవుకు చేరింది కదా, ఎంత చేపను వదిలేయాలో చెప్పే సేవ ఎందుకు చేరలేదు?

తగాదా ముదిరాక

2022 జనవరిలో విశాఖ సముద్రంలో రింగు వలల గొడవ భగ్గుమంది. ఒకే నగరానికి చెందిన మత్స్యకారులు రెండు వర్గాలై నీటి మీదే తలపడ్డారు, పడవలు తగలబడ్డాయి, ఒడ్డున 144 సెక్షన్ పెట్టాల్సి వచ్చింది. రింగు వల గుంపు చేపను చుట్టేసి అడుగున తాడుతో బిగించేది. కవళ్లు, కానగర్తల గుంపు మీద పడితే ఒక్క చుట్టుకే టన్నులు వస్తాయి. తీరానికి 8 కిలోమీటర్ల లోపల దాన్ని వాడకూడదన్నది రూలు. తెప్పల మీద వేటాడేవాళ్ల నీళ్లు అవి. రూలు దాటుతున్నారని ఒక వర్గం, అప్పు చేసి కొన్న వలను ఎక్కడ వేసుకోమంటారని ఇంకో వర్గం.

పోలీసులు, రెవెన్యూ అధికారులు, నాయకులు వచ్చి రాజీ చేశారు. కానీ తగాదా మూలంలో ఉన్నది శాస్త్రం ప్రశ్న. ఆ చేప ఎంత ఉంది, ఎంత పట్టొచ్చు, వల కన్ను ఎంత ఉండాలి, ఎన్ని వలలకు ఈ సముద్రం చాలుతుంది? ఇరువర్గాలూ నమ్మే అంకెలు ముందే ఉంటే, వాటిని వాళ్ల పిల్లలే లెక్కగట్టి ఉంటే, ఆ రోజు మాటలకు ఏదో ఒక ఆధారం ఉండేది.

కేరళ ఈ పాఠాన్ని కష్టపడి నేర్చుకుంది. 2012లో అక్కడి సముద్రంలో దాదాపు 4 లక్షల టన్నుల కవళ్లు పడ్డాయి. 2021 నాటికి ఆ దిగుబడి 3,297 టన్నులకు పడిపోయింది. సముద్రం వేడెక్కడం వంటి వాతావరణ కారణాలున్నాయి, పిల్ల చేపలను ఊడ్చేయడమూ ఉంది. సి.ఎం.ఎఫ్.ఆర్.ఐ. శాస్త్రవేత్తలు జాతిజాతికీ కనీస పొడవు లెక్కగట్టి ఇస్తే, 2015 నుంచి ప్రభుత్వం దాన్ని అమల్లోకి తెచ్చింది. తర్వాత ఆ జాబితా 58 జాతులకు పెరిగింది. కవళ్లకు 10 సెంటీమీటర్లు, అంతకన్నా చిన్నదాన్ని పట్టినా అమ్మినా జరిమానా. మళ్లీ చేప తిరిగొచ్చిన ఏడాది ఆ రూలును కాపాడాలని కోరినవాళ్లలో మత్స్యకారులు కూడా ఉన్నారు.

చేప ఒక్కటే చూస్తే సరిపోదు. శ్రీకాకుళం, విజయనగరం పేటల నుంచి కుర్రాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కు వలస వెళ్లి అక్కడి బోట్ల మీద కళాసీలుగా పనిచేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లు కొందరు పాకిస్థాన్ నీళ్లలోకి పోయి పట్టుబడి, 2020 జనవరిలో వాఘా మీదుగా ఇంటికొచ్చారు. ఆ కథే ‘తండేల్’ సినిమా అయింది. సొంత తీరంలో చేప, రేవు, ఐసు, ధర ఉంటే దేశం ఆ కొసకు ఎవరూ పోరు. సముద్ర సంరక్షణ గురించి వాళ్లతో మాట్లాడాలంటే ముందు ఈ వలస గురించి మాట్లాడాలి. విశాఖలోనే కేంద్రం ఉన్న సిఫ్‌నెట్ అనే మత్స్య శిక్షణ సంస్థ నౌకాయానం, బోటు ఇంజన్ల కోర్సులు నేర్పుతోంది. పేటల్లో ఎంతమంది పదో తరగతి పిల్లలకు ఆ సంగతి చెప్పేవాళ్లున్నారు?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా

తూర్పు తీరంలో వేట నిషేధం 61 రోజులు. ఆ కాలానికి మత్స్యకార కుటుంబాలకిచ్చే భృతిని రాష్ట్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో 10,000 రూపాయల నుంచి 20,000కు పెంచింది. పొట్ట గడవడానికి అది అవసరం. అయితే ఆ రెండు నెలలూ డబ్బు పంపకంతోనే ముగిసిపోతున్నాయి.

మత్స్య డిగ్రీ నాలుగో ఏడాది విద్యార్థులు ఊళ్లలో ఉండి పని నేర్చుకోవాలన్న నిబంధన ఇప్పటికే ఉంది. ఆ ఊళ్లలో కొన్నింటినైనా చెరువు ఊళ్లు కాక పేటలుగా మార్చండి, ఆ గడువును నిషేధ కాలానికి జరపండి. ఇద్దరు విద్యార్థులకు ఒక పేట. ఒక పాత వలను విప్పి చదరపు సంచి కుట్టడం, ఒక చట్రం బిగించడం, జూన్‌లో తొలి వేటకు అదే బోటు మీద వెళ్లి పడిన చేపను కొలవడం. కేంద్రం 2020లో తెచ్చిన మత్స్య సంపద పథకం కింద నియమించిన సాగర మిత్రలు తీర గ్రామాల్లో ఉన్నారు. వాళ్లతో దరఖాస్తులు నింపించడం తగ్గించి, ఈ కొలతలు రాయించండి. ఏటా పది పేటల అంకెలు పోగుపడినా అయిదేళ్లకు మన సొంత కనీస పొడవుల పట్టిక తయారవుతుంది. దాన్ని ఒప్పుకోమని జాలరిని బతిమాలనక్కర్లేదు, అతను కొలిచినవే కదా.

విశ్వవిద్యాలయ పెద్దలకు ఇంకో మాట. సముద్రంలోకి పోయేవాళ్ల పిల్లలకు మత్స్య డిగ్రీలో కొన్ని సీట్లు కేటాయించండి. గంగమ్మకు మొక్కి బోటెక్కే ఇంటి నుంచి వచ్చిన పిల్ల ఫిషరీస్ ఆఫీసరై తిరిగొస్తే, పేటలో ఆమె మాటకుండే బరువు బయటివాళ్ల మాటకు ఎన్నటికీ రాదు.

చేపలు కొనే మీరు కూడా ఒక పని చేయగలరు. అరచేయంత కూడా లేని కోనెం పిల్లలు, చందువ పిల్లలు చవగ్గా వస్తున్నాయని కొనకండి. ఎందుకు వద్దంటున్నారో తట్ట ముందున్న ఆమెకు చెప్పండి. ఆమె ఆ మాట ఇంట్లో సరంగుకు చెబుతుంది.

రేవులో తరగతి పెట్టడానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. వచ్చే నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది. విద్యార్థుల జాబితా మార్చిలోనే తయారు కావాలి.